మేడం గారికి మతి తప్పలేదు

మా మేడం గారి మీద అభినందన సంచిక వేస్తున్నాం, తొలి శిష్యులు కాబట్టి మీరో వ్యాసం రాయాలి అని మా సైకాలజీ శాఖ వాళ్ళు అడిగితే రాసి పంపాను. వారం తిరక్కుండా సంచిక పని చూస్తున్న కుర్ర లెక్చరరు ఫోన్ చేశాడు.

"సార్, చాలా బాగా రాశారండి. ఒక్క చిన్న మార్పు."

"ఏంటండి?"

"ఆ చివరి భాగం సార్. మేడం గారు తన ప్రశ్నావళిని తనే వద్దన్నారని రాశారు కదండీ, అది తీసేద్దామండి. ఆవిడ ఆరోగ్యం బాగోలేనప్పటి సంగతి. పెద్దావిడ గురించి అలా అచ్చేస్తే మర్యాదగా ఉండదు."

"ఆవిడకి ఆరోగ్యం బాగోలేదని మీకెవరు చెప్పారు?"

మెల్లగా, "మీరేగా సార్," అన్నాడు.

నిజమే. నేనే చెప్పాను. నిండు సభలో, మైకులో చెప్పాను. అందుకని ఆ వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఇక్కడ నా పుస్తకంలో వేసుకుంటున్నాను. తీసేయమన్న భాగం తీయలేదు సరికదా, ఇంకాస్త పెంచాను.

ముందుగా చెప్పాల్సింది చెప్పేస్తాను. మేడం గారు ధవళేశ్వరంలో, ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైన భర్తతో కలిసి ఉంటున్నారు. పొద్దున్నే పేపరు తెరిచి అందులో తప్పులు పెన్సిల్‌తో దిద్దుతారు. కూరగాయల బండివాడితో గీసి గీసి బేరమాడతారు. ఆవిడ మతి ఏ రోజూ తప్పలేదు. తప్పిందని ఊరంతా నమ్మిందంటే దానికి నా నోరే కారణం.

మేడం గారిది కోనసీమ. తండ్రి బడిపంతులు. ఇంటికి వచ్చిన మనిషిని కాదనకూడదు, లేదనకూడదు అన్నది ఆ ఇంట్లో రెండో ఎక్కం కన్నా ముందు నేర్పే పాఠం. చుట్టాలొచ్చి పాట పాడవే అమ్మా అంటే, పాడను అని చెప్పి ఈవిడ చిన్నప్పుడే తిట్లు తిన్నారు. రాజమండ్రి కాలేజీలో సైకాలజీ తీసుకుంటానని చెప్పినప్పుడు వాళ్ళ మేనత్త బుగ్గలు నొక్కుకుందట.

"పిచ్చాళ్ళ చదువా తల్లీ? ఆడపిల్లవి, నీకెందుకది?"

"పిచ్చాళ్ళ గురించి కాదత్తయ్యా. మామూలు మనుషుల గురించి."

"మామూలు మనుషుల గురించి చదవడానికేముందే?"

"ఏముందో ఎవరికీ తెలీదనే చదువుతున్నాను."

ఈ ముచ్చట మేడం గారు ప్రతి కొత్త బ్యాచికీ మొదటి క్లాసులో చెప్పేవారు. మేనత్త గొంతు భలే పెట్టేవారు.

ఆ రోజుల్లో మన మనస్తత్వశాస్త్రంలో ప్రశ్నలన్నీ బయటి దేశాల నుంచి వచ్చినవే. తెలుగు చేసి వాడేవాళ్ళం. "పార్టీలకు వెళ్ళినప్పుడు మీకు ఒంటరిగా అనిపిస్తుందా?" అని పల్లెటూరి ఆడమనిషిని అడిగితే, "మేం ఏ పార్టీకీ వెళ్ళమండి, ఓటేసి వచ్చేస్తాం," అనేది. మేడం గారు ఆ కాగితాలు పక్కన పడేశారు. మన ఇళ్ళలోంచి ప్రశ్నలు పుట్టించారు. మీకిష్టమైన కూర మీరు వండుకోగలరా? పుట్టింటికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళగలరా? ఇంట్లో మీ మాట చెల్లుతుందా? పడుకునేటప్పుడు మనసు తేలిగ్గా ఉంటుందా? అవునో కాదో చెప్తే చాలు. అలా తయారైందే ఆడవాళ్ళ మనశ్శాంతిని కొలిచే మేడం గారి ప్రశ్నావళి. మొదటిసారి దాన్ని చదివినప్పుడు ఎవరో మా అమ్మను కూర్చోబెట్టి మాట్లాడుతున్నట్టు అనిపించింది. నేను ఆవిడ దగ్గర పరిశోధనకు చేరింది ఆ ఒక్క కారణంతోనే.

దానికి ఎంత పేరొచ్చిందో ఈ తరం వాళ్ళకు తెలియదు. పక్క రాష్ట్రాల వాళ్ళు తమ భాషల్లోకి మార్చుకున్నారు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కుటుంబ సలహా కేంద్రాల్లో, మా ఇంట్లో బతకలేకపోతున్నామని వచ్చిన ఆడవాళ్ళకు ముందు ఈ ప్రశ్నలే ఇచ్చేవారు. మార్కులు బాగా వస్తే పెద్ద సమస్యేమీ లేదని సర్దిచెప్పి ఇంటికి పంపేవారు.

దాంతో మేము తేల్చిన విషయం ఇంకా పేరు తెచ్చింది. డెల్టా ఆడవాళ్ళు మెట్ట ఆడవాళ్ళ కన్నా చాలా ప్రశాంతంగా ఉన్నారని తేల్చాం. పేపర్లకు పండగే. కాలవల నీళ్ళు, పచ్చటి చేలు, చల్లటి మనసులు అని రాసుకున్నారు. మా వాళ్ళు సభల్లో చెప్పుకుని మురిసిపోయారు. డెల్టావాడికి తన నేల గొప్పదని ఒకరు చెప్పాలా? అయినా సైన్సు కూడా చెప్పిందంటే ఇంకేం కావాలి.

ఆ లెక్కల కోసం ఊళ్ళు తిరిగినవాణ్ణి నేను. డెల్టాలో ఏ ఊరెళ్ళినా ఒకటే తంతు. అరుగు మీద కుర్చీ వేసేవారు. మంచినీళ్ళు, ఆ వెనకే మజ్జిగో కాఫీయో. మీదే ఊరు బాబూ, మీ ఇంటిపేరేంటి, ఫలానావాళ్ళు మీకేమవుతారు. ఆ తర్వాత నేను ప్రశ్న అడిగేవాణ్ణి. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చెప్పేది. చెల్లుతుందండి. వెళ్ళగలనండి. తేలిగ్గానే ఉంటుందండి. వెళ్ళేటప్పుడు సంచిలో నాలుగు అరటిపళ్ళు కూడా పడేసేవారు.

మెట్టలో అలా కాదు. జంగారెడ్డిగూడెం బస్సు దిగి పామాయిల్ తోటల్లోకి నడిచేవాణ్ణి. అక్కడ ఆడవాళ్ళు రాలిన పళ్ళు ఏరుతుండేవారు. సాయంత్రం బస్సు తప్పితే రాజమండ్రి చేరలేను. అందుకని వాళ్ళ పక్కనే నిలబడి, నడుస్తూ అడిగేసేవాణ్ణి.

"అమ్మా, పడుకునేటప్పుడు మనసు తేలిగ్గా ఉంటుందా?"

"ముందు నడుం తేలిగ్గా ఉంటే మనసు సంగతి చూద్దారి. అడ్డు లెగండి సారూ, మేస్త్రీ చూత్తన్నాడు."

కాదు అని రాసుకునేవాణ్ణి. ఆ రోజుల్లో అది తప్పని నాకు తోచలేదు. చెప్పిందే రాశాను కదా.

రిటైరయ్యాక మేడం గారు రాజమండ్రిలో ఒక సలహా కేంద్రంలో ఊరికే కూర్చునేవారు, సాయంగా. అక్కడికి ఒకామె వచ్చింది. రావులపాలెం అవతల ఊరు, రైతు కుటుంబం. అంతకుముందు ఒకసారి వచ్చి, ప్రశ్నలన్నిటికీ బాగుందనే చెప్పి, మంచి మార్కులతో ఇంటికి వెళ్ళిన మనిషే. ఈసారి బట్టల సంచితో వచ్చింది. ఆ ఇంటికి తిరిగి వెళ్ళనంది. ఆ మధ్యలో ఆ ఇంట్లో ఏం జరిగిందో మేడం గారు నాకు చెప్పారు. అది ఆమె సంగతి, నేను రాయను. మొదటిసారి వచ్చినప్పుడే ఆమెను నిలిపి ఉంటే జరిగేది కాదన్నంతవరకే రాస్తాను.

"మొన్న వచ్చినప్పుడు అన్నీ బాగున్నాయని చెప్పావు కదమ్మా," అని మేడం గారు అడిగారట.

"మీరు ఫ్యాను కింద కుర్చీ వేశారు కదండీ. టీ కూడా ఇప్పించారు. అంత మర్యాద చేసి అడిగినవాళ్ళ మొహం మీద బాగోలేదని ఎలా చెప్పనండి?"

మర్నాడు పొద్దున్నే నన్ను ధవళేశ్వరం పిలిపించారు. వీధి గదిలో కూర్చోబెట్టారు. ఇంజనీరు గారు కాఫీ తెచ్చారు. రిటైరయ్యాక కాఫీ శాఖ ఆయనే తీసుకున్నారు. ఆ కాఫీ గురించి ఒక మాట. డికాషన్ నీళ్ళల్లా ఉంటుంది, పంచదార సంగతి దేవుడెరుగు. వచ్చినవాళ్ళంతా బాగుందండీ అని గుటకలు వేస్తారు. ఒక్క మేడం గారే, "మీ కాఫీ నాకొద్దు, బాగోదు," అని మొగుడి మొహం మీదే చెప్తారు. ఆయన కూడా ఏమీ అనుకోరు.

"ఏమయ్యా," అన్నారు మేడం గారు, "మెట్టలో నువ్వు ఎక్కడ కూర్చుని అడిగావు?"

"కూర్చోలేదు మేడం. నిలబడే అడిగాను. బస్సు టైము ఉండేది కాదు."

"వాళ్ళు మంచినీళ్ళిచ్చారా?"

"తోటలో ఎవరిస్తారు మేడం? వాళ్ళ పనిలో వాళ్ళున్నారు."

ఆవిడ కిటికీలోంచి బ్యారేజీ వైపు చూస్తూ ఉండిపోయారు. నేను కప్పులో కాఫీ తాగలేక, కింద పెట్టలేక పట్టుకుని కూర్చున్నాను.

"అయితే మనం కొలిచింది మనశ్శాంతి కాదు," అన్నారు చివరికి. "మన ఇంటికొచ్చినవాడికి చేసే మర్యాదని కొలిచాం. డెల్టాలో నువ్వు అతిథివి, మెట్టలో అడ్డొచ్చినవాడివి. అక్కడే నిజం చెప్పారు. నేను కోనసీమ పిల్లనై ఉండి ఇది కనిపెట్టలేకపోయాను చూడు."

నాకు భయం వేసింది. ఆవిడ తప్పు చేశారని కాదు. నా డిగ్రీ, నా ఉద్యోగం, నేను పదేపదే అచ్చేయించిన వ్యాసాలు అన్నీ ఆ ప్రశ్నావళి మీదే నిలబడి ఉన్నాయి. ఒక్క ఊరి నుంచి వచ్చిన ఒక్క మనిషిని పట్టుకుని అంత మాట ఎలా అంటాం మేడం అన్నాను. "అందుకే అనను. తిరిగి చూస్తాను," అన్నారు.

డెబ్బై దగ్గరపడ్డ మనిషి ఎర్ర బస్సెక్కి తిరిగారు. ఎవరి గుమ్మమూ తొక్కలేదు. కాలవ రేవుల్లో, ఊడ్పుల చేల గట్ల మీద, రావులపాలెంలో అరటి గెలల లారీల పక్కన బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళ మధ్య తనూ నిలబడ్డారు. ప్రశ్న అడిగే పద్ధతే మార్చేశారు. ముందు తన ఇంట్లో బాగోలేనిదొకటి తను చెప్పేవారు. "మా ఆయన కాఫీ నోట్లో పెట్టుకోలేం తల్లీ, రోజూ అదే గొడవ. మీ ఇంట్లో ఎలా?" అని. అడిగేవాళ్ళు తమ కష్టం ముందు విప్పితే, చెప్పేవాళ్ళు మర్యాద కోసం అబద్ధమాడక్కర్లేదు. ఇంత చిన్న సంగతి ఏ పుస్తకంలోనూ మాకు ఎవరూ చెప్పలేదు.

"నా పరువు రావులపాలెం దాకా తీసింది మీ మేడం గారు," అన్నారు ఇంజనీరు గారు నాతో. "మొన్న బస్టాండులో ఒకావిడ నన్ను చూసి, ఈయనేనా కాఫీ ఆయన అంటూ నవ్విందండి."

అలా అడిగితే డెల్టా ఆడవాళ్ళు ఏం చెప్పారు? మెట్ట ఆడవాళ్ళు చెప్పినట్టే చెప్పారు. కొందరికి బాగుంది, కొందరికి బాగోలేదు. కాలవ నీళ్ళకీ మనసుకీ సంబంధమేమీ కనిపించలేదు.

ఇక ఆ సభ. రాజమండ్రిలో మా వాళ్ళే పెట్టారు, మేడం గారికి సన్మానం. వేదిక మీద పెద్దలు, ముందు వరసలో అధికారులు. శాలువా కప్పాక మేడం గారు లేచి మైకు అందుకున్నారు.

"నేను రాసిన ప్రశ్నావళి తప్పు. ఇవాళ్టి నుంచి దాన్ని ఎవరూ వాడొద్దు. దాంతో మార్కులు బాగొచ్చాయని ఆడపిల్లల్ని తిరిగి ఆ ఇళ్ళకు పంపొద్దు. మన ఆడవాళ్ళు ప్రశాంతంగా లేరు. మర్యాదగా ఉన్నారు. ఈ రెండూ ఒకటి కాదు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనకనుంచి ఒక పెద్దమనిషి లేచాడు. "మేడం గారూ, మన గోదావరి ఆడపడుచుల్ని మీరు అవమానిస్తున్నారండి."

"అవమానం ఇన్నాళ్ళూ చేశానండి. ఇవాళ మానేస్తున్నాను," అన్నారు ఆవిడ.

నేను వేదిక మీద పక్కనే ఉన్నాను. అధికారుల మొహాలు చూశాను. మా శాఖాధిపతి నా వైపు చూశాడు. లేచి వెళ్ళి, నవ్వుతూ, ఆవిడ చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నాను. "మేడం గారికి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదండి. అలసిపోయారు. మనమంతా అర్థం చేసుకోవాలి," అన్నాను. ఎంతో మర్యాదగా అన్నాను. హాలంతా ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు కొట్టారు.

ఆవిడ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి మెట్లు దిగారు. కారు దాకా వెంట వెళ్ళాను.

"నాకు బాగోలేదని నీకెవరు చెప్పారయ్యా?"

"మీ కోసమే మేడం. వాళ్ళు అపార్థం చేసుకుంటారని."

"నా కోసమైతే నన్ను అడిగేవాడివి," అని తలుపేసుకున్నారు.

ఒక మాట ఎంత దూరం పోతుందో మనస్తత్వశాస్త్రం చదివినవాడిగా నాకు తెలియాలి. అలసిపోయారు అన్నది మతిమరుపు అయింది. మతిమరుపు మతి తప్పడం అయింది. సభల్లో ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టి మైకు మాత్రం ఇచ్చేవారు కాదు. కొత్తగా చేసిన పని గురించి చెప్తానంటే, తప్పకుండా మేడం అని తలూపి వెళ్ళిపోయేవారు. పాత విద్యార్థులు ఇంటికి వచ్చి చిన్నపిల్లతో మాట్లాడినట్టు సాగదీసి, గట్టిగా మాట్లాడేవారు. బ్యాంకులో క్యాషియరు ఆవిడ పెట్టాల్సిన సంతకం ఆవిడ ముందే ఇంజనీరు గారిని అడిగాడట. "నా చెవులూ బాగున్నాయి, నా మెదడూ బాగుంది. బాగోలేనిది నీ అలవాటు," అని కడిగేసి వచ్చారు. అది కూడా మతి తప్పిందనడానికి ఇంకో సాక్ష్యంగా ఊరంతా చెప్పుకున్నారు.

ఆ ప్రశ్నావళి మాత్రం ఆగలేదు. సవరించిన ముద్రణ అని ఒకటి వచ్చింది. సవరించినవాడి పేరు నాది. సవరించింది అట్ట రంగు. దాని మీద నాకు ప్రొఫెసర్ పదవి వచ్చింది. ఇప్పటికీ కొన్ని కేంద్రాల్లో ఆడవాళ్ళను ఫ్యాను కింద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను. నా మనసు తేలిక చేసుకోవడానికి కాదు. మేడం గారికి మతి తప్పిందన్న మాట నిలబడి ఉన్నంతకాలం ఆ ప్రశ్నావళి నిలబడి ఉంటుంది. రెండూ ఒకే మేకుకి వేలాడుతున్నాయి. ఆ మేకు కొట్టింది నేను, పీకాల్సిందీ నేనే.

సవరించిన ముద్రణలోంచి నా పేరు తీసేయమన్నాను. దాన్ని వాడొద్దని నాకు తెలిసిన ప్రతి కేంద్రానికీ స్వయంగా వెళ్ళి చెప్పాను. మా శాఖలో వాళ్ళకు కోపం వచ్చింది. "మీ పరువు కూడా పోతుంది సార్," అన్నాడు ఒకాయన. పోతే పోయింది. ఆవిడ పరువు తీసి కట్టుకున్నదే కదా. "ఇప్పుడు మీక్కూడా ఒంట్లో బాగోలేదంటారు సార్," అన్నాడు ఇంకొకాయన. అననివ్వండి. ఎలా అంటారో, ఏ గొంతుతో అంటారో నాకు బాగా తెలుసు. నేను నేర్పిన విద్యే.

ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు ధవళేశ్వరం వెళ్ళాను. సభ తర్వాత ఎన్నోసార్లు ఆ వీధి చివరి దాకా వెళ్ళి, కాలవ గట్టు మీంచే వెనక్కి వచ్చినవాణ్ణి. ఇంజనీరు గారు తలుపు తీశారు.

"రండి ప్రొఫెసర్ గారూ. ఒంట్లో బాగుందా?" అన్నారు. ఆయన వెటకారం ఆయనది. నేను తలదించుకుని లోపలికి వెళ్ళాను.

మేడం గారు పేపరు మీద పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు. చదివి వినిపించమన్నారు. చదివాను. మధ్యలో రెండుసార్లు ఆపారు. మేనత్త అన్నది బుగ్గలు నొక్కుకుని కాదు, జంతికలు వత్తుతూ అన్నది అన్నారు. మార్చనా అంటే, వద్దు, నాకు గుర్తుందని నీకు తెలిస్తే చాలు అన్నారు. రెండోసారి ఆపినప్పుడు గొంతు గట్టిపడింది.

"నన్ను దేవతను చేయకు. ఆ ప్రశ్నలు రాసింది నేను. నిలబడి అడిగావో కూర్చుని అడిగావో అన్ని సంవత్సరాలు నిన్ను అడగనిది నేను. ఆమె రెండోసారి వచ్చేదాకా నాకు కళ్ళు తెరుచుకోలేదు. అది రాయి."

"రాస్తాను మేడం. క్షమించమని..."

"అది నీ దగ్గరే ఉంచుకో. నాకు పనికిరాదు. ఆ కేంద్రాలకు మళ్ళీ వెళ్ళు. ఒకసారి చెప్తే మర్యాదకి సరేనంటారు. సరేనన్నారని వచ్చేశావా?"

వచ్చేశాను. ప్రతిచోటా తప్పకుండా సార్ అన్నారు, నేను సంతోషంగా వచ్చేశాను. ఆవిడ నా మొహం చూసి పెన్సిల్ కింద పెట్టి నవ్వారు. చాలా కాలానికి విన్న నవ్వు.

ఇంజనీరు గారు కాఫీ తెచ్చి చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఒక గుటక వేశాను. నీళ్ళు, పైన నురగ.

"ఎలా ఉందండి?" అన్నారు.

బాగుందండి అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. మేడం గారు పేపరు పక్కన పెట్టి నా వైపే చూస్తున్నారు.

"బాగోలేదండి," అన్నాను. "పంచదార లేదు. డికాషన్ అసలు లేదు."

ఆయన కప్పు తీసుకుని మేడం గారి వైపు తిరిగారు. "మీ శిష్యుడు ఇన్నాళ్ళకి పాసయ్యాడండోయ్," అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"కాఫీ తేలికయ్యా," అన్నారు నాతో. "సోమవారం పొద్దున్న కేంద్రానికి నేను కూడా వస్తాను. మైకు ఎవరి చేతిలో ఉంటుందో చూద్దాం."